ఎం.ఎస్. సుబ్బులక్ష్మి కచేరీలు: రసికులు తరచుగా అడిగే ప్రశ్నలు

మొదటిసారి వినేవాళ్లు ఏ కచేరీతో మొదలుపెడితే బాగుంటుంది?

1977లో న్యూయార్క్ కార్నెగీ హాల్‌లో పాడిన కచేరీతో. గాత్ర సహకారం రాధా విశ్వనాథన్, వయొలిన్ కందదేవి అళగిరిస్వామి, మృదంగం గురువాయూర్ దొరై. ఇది అధికారికంగా విడుదలైంది కాబట్టి దొరకడం కష్టం కాదు. ధ్వని శుభ్రంగా ఉంటుంది, మృదంగం గొంతును మింగెయ్యదు. అప్పటికి ఆమెకు 61 ఏళ్లు. యౌవనంలోని పదును కాస్త తగ్గినా, ఏ స్వరం మీద ఎంతసేపు నిలవాలో తెలిసిన నిబ్బరం ఆ గొంతులో ఉంది. కొత్తవాళ్లకు ఆ నిబ్బరమే చెయ్యిపట్టుకుని దారి చూపిస్తుంది.

ఒక్కటే షరతు. పాటల్ని విడివిడిగా ఏరుకుని వినకండి. ఒక ఆదివారం సాయంత్రం ఖాళీ చేసుకుని మొదటి నుంచి చివరి దాకా వరుసగా వినండి. కచేరీ అంటే పాటల మూట కాదు. ముందు వచ్చిన రాగం చెవిలో మిగిలి ఉండగానే తర్వాతి రాగం వస్తుంది, ఆ రెండింటి మధ్య తేడాలోనే సగం అందం ఉంది. ఎం.ఎస్. కచేరీలకు పాటల వరుసను భర్త సదాశివం ముందే ఆలోచించి సిద్ధం చేసేవారు. ముందు వరసలో కూర్చుని సభ నాడి చూసేవారు. అంత జాగ్రత్తగా పేర్చిన వరుసను షఫుల్ మీట నొక్కి చెదరగొట్టుకోవద్దు.

ఐక్యరాజ్యసమితి కచేరీకే ఎక్కువ పేరుంది కదా, అది ముందు వినకూడదా?

వినవచ్చు, కానీ దాని సంగతి వేరు. 1966 అక్టోబరు 23న న్యూయార్క్‌లో ఐక్యరాజ్యసమితి జనరల్ అసెంబ్లీ హాల్లో పాడారు. వయొలిన్ వి.వి. సుబ్రహ్మణ్యం, మృదంగం టి.కె. మూర్తి, ఘటం టి.హెచ్. వినాయకరామ్, గాత్ర సహకారం రాధ. కర్ణాటక సంగీతం ఎన్నడూ విననివాళ్లు కూడా ఆ సభలో ఉన్నారు. ఆ సభకోసమే కంచి పరమాచార్య చంద్రశేఖరేంద్ర సరస్వతి సంస్కృతంలో "మైత్రీం భజత" రాసి ఇచ్చారు. దానికి బాణీ వసంత్ దేశాయ్‌ది. రాజాజీ ఇంగ్లీషులో రాసిన ఒక ప్రార్థన కూడా అక్కడ పాడారు.

చరిత్రగా చూస్తే దానికి సాటి లేదు. అయితే రాగాన్ని తీరుబడిగా పెంచుకుంటూ పోయే ఎం.ఎస్. కావాలంటే మన రసికుల ఎదుట పాడిన పూర్తి నిడివి కచేరీలే వినాలి. అలాంటివి రెండు మూడు విన్నాక 1966 కచేరీకి రండి. అప్పుడు ఆ సభలో ఆమె ఎక్కడ కుదించారో, కుదించినా ఏది వదులుకోలేదో వినపడుతుంది.

వేంకటేశ్వర సుప్రభాతం, బాలాజీ పంచరత్నమాల కచేరీల లెక్కలోకి వస్తాయా?

రావు. రెండూ స్టూడియోలో చేసినవి. సుప్రభాతం ఎల్.పి. 1963లో వచ్చింది. అందులో సుప్రభాతం 29, స్తోత్రం 11, ప్రపత్తి 16, మంగళాశాసనం 14, మొత్తం 70 శ్లోకాలు. పంచరత్నమాల 1980 ప్రాంతంలో తిరుమల తిరుపతి దేవస్థానం పూనికతో అయిదు భాగాలుగా వచ్చింది. అన్నమయ్య కీర్తనలు తెలుగు ఇళ్లలోకి ఇంతగా రావడానికి పెద్ద కారణం ఆ అయిదు రికార్డులే.

ఆ కీర్తనల్నే తర్వాత కచేరీల్లోనూ పాడారు. రెండూ పక్కపక్కన పెట్టుకుని వినడం మంచి అభ్యాసం. స్టూడియోలో ప్రతి సంగతీ (ఒకే పంక్తిని కొద్దికొద్దిగా మార్చి పాడే తీరు) తూచి పెట్టినట్టుంటుంది. కచేరీలో అదే సంగతిని రెండోసారి పాడేటప్పుడు సభ స్పందన చూసి కాస్త ఎక్కువసేపు నిలుపుతారు. కచేరీ రికార్డులకోసం వెతికేది ఆ కాస్త కోసమే.

కచేరీ ఏ వరుసలో నడుస్తుంది? ఎక్కడున్నామో ఎలా తెలుస్తుంది?

మామూలుగా రెండున్నర నుంచి మూడు గంటలు. మొదట వర్ణమో (స్వరాలూ మాటలూ కలిసిన ఆరంభ రచన) గణపతి కృతో. తర్వాత ఒకటి రెండు చిన్న కృతులు, వేగంగా, సభను దారిలోకి తెచ్చేవి. ఆపైన ఓ మోస్తరు ఆలాపనతో, అంటే మాటలూ తాళమూ లేకుండా రాగాన్ని పెంచడంతో, ఒక కృతి. దాని వెనకే, ప్రధాన రాగానికి ముందు చెవికి విశ్రాంతినిచ్చే చురుకైన కృతి ఒకటి. తర్వాత ప్రధాన రాగం: ఆలాపన, దానికి వయొలిన్ జవాబు, కృతి, నెరవు (దీని సంగతి కింద చెబుతాను), స్వరకల్పన (స రి గ మలతో అప్పటికప్పుడు అల్లడం), తనియావర్తనం లేదా తని (మృదంగం, ఘటం మాత్రమే వాయించే భాగం). ఇదంతా కలిపి ముప్పావు గంట పట్టవచ్చు. కొన్ని కచేరీల్లో రాగం తానం పల్లవి, అంటే ఒక్క పంక్తి చుట్టూ రాగాన్ని విస్తారంగా పెంచే అంశం, కూడా ఉంటుంది. చివర్లో శ్లోకాలు, భజనలు, తుక్కడాలు (తేలికపాటి చిన్న పాటలు), మంగళం.

ఎం.ఎస్. కచేరీల్లో చివరి భాగాన్ని తేలిగ్గా తీసుకోకండి. చాలామంది తని అయిపోగానే వినడం ఆపేస్తారు. స్వాతి తిరునాళ్ "భావయామి రఘురామం"లో ఆమె ఒక్కో కాండకు ఒక్కో రాగంలోకి మారే తీరు వినకపోతే చాలా పోగొట్టుకున్నట్టే. సావేరిలో మొదలై నాటకురంజి, ధన్యాసి, మోహనం, ముఖారి, పూర్వికల్యాణి మీదుగా మధ్యమావతిలో ముగుస్తుంది. ఈ రాగమాలిక రూపం శెమ్మంగుడి శ్రీనివాస అయ్యర్ కూర్చినది. ఒక రాగం రంగు చెవిలో ఆరకముందే రెండోది కలుస్తుంది, కానీ ఎక్కడా మరకపడదు.

ఆలాపన మొదలవగానే దారి తప్పుతున్నాం. దేన్ని పట్టుకోవాలి?

తంబూరాను. గొంతును కాదు.

ముందు అర నిమిషం తంబూరా ఒక్కటే వినండి. ప స స స అని నాలుగు తీగలు. ఆ షడ్జం (స) మనసులో కుదిరాక గొంతు దానికి ఎంత దూరం వెళ్తోందో, ఎప్పుడు తిరిగి వస్తోందో గమనించండి. స్వరాల పేర్లు తెలియనక్కర్లేదు. ఇంటి నుంచి బయల్దేరిన మనిషి ఎటు తిరిగినా గడప గుర్తుంటే చాలు.

కాంభోజి ఉదాహరణగా తీసుకుందాం. ఇది 28వ మేళం (మూల రాగం) హరికాంభోజికి జన్యం, అంటే దాని నుంచి పుట్టిన రాగం. ఆరోహణలో నిషాదం లేదు: స రి గ మ ప ధ స. అవరోహణలో అన్నీ ఉన్నాయి: స ని ధ ప మ గ రి స. దీని మొహం మీది పుట్టుమచ్చ లాంటి పోకడ "మ గ ప ధ స". అది వినపడగానే కాంభోజి అని చెప్పొచ్చు. "స ని ప ధ స" అనే మరో ప్రయోగంలో కాకలి నిషాదం (ఈ రాగంలో మామూలుగా ఉండే దానికంటే ఎత్తైన ని) మెరుపులా వచ్చి పోతుంది. ఎం.ఎస్. ధైవతం మీద నిలబడినప్పుడు చూడండి, తొందర ఉండదు. అక్కడి నుంచి తారషడ్జానికి (పై స) చేరాక తంబూరాతో గొంతు కలిసిపోయి, ఒక్క క్షణం ఏది తీగో ఏది గొంతో తెలియదు. అభిమానులు ఈ కచేరీల్ని వందసార్లు వినేది ఆ క్షణంకోసం.

తర్వాత వయొలిన్ అదే రాగాన్ని తన మాటల్లో చెబుతుంది. దాన్ని దాటవేయకండి. ఆమె దేన్ని వదిలిపెట్టారో, వయొలిన్ దేన్ని అందుకుందో అక్కడే తెలుస్తుంది.

నెరవు అంటే ఏమిటి? ఎక్కడ వింటే బాగా తెలుస్తుంది?

కృతిలో ఒక పంక్తిని తీసుకుని, మాటలు మార్చకుండా, తాళంలో ఆ మాటలు పడే చోట్లు చెదరకుండా, సంగీతాన్ని మాత్రం అప్పటికప్పుడు కొత్తగా అల్లడం నెరవు. ఇందులో కష్టం రెండు వైపులా ఉంది. రాగం మీద ధ్యాస పెడితే మాట తాళం నుంచి జారుతుంది. తాళం మీద పెడితే మాట విరిగి అర్థం పోతుంది.

ఎం.ఎస్. నెరవు వినాలంటే త్యాగరాజస్వామి శ్రీరంగ పంచరత్నాల్లోని "ఓ రంగశాయీ" ఉన్న ఏ కచేరీ అయినా తీసుకోండి. కాంభోజి రాగం, ఆదితాళం. ఎన్నో కచేరీల్లో ఆమెకు ఇది ప్రధాన కృతి. పిలిస్తే "ఓ" అంటూ రాకూడదా అని రంగనాథుణ్ణి అడిగే పాట. నెరవు చరణంలో "భూలోక వైకుంఠ మిది యని" దగ్గర మొదలవుతుంది. వినేటప్పుడు ఇలా చేయండి.

మొదటి విడతలో మాటలు మాత్రమే వినండి. "భూలోక" ప్రతిసారీ తాళంలో ఒకే చోట పడుతోందో లేదో వేళ్ల మీద చూసుకోండి. పడుతుంది. రెండో విడతలో స్థాయిని గమనించండి: కింద మొదలై పంచమం, ధైవతం దాటి తారస్థాయికి మెట్టు మెట్టుగా ఎక్కుతుంది. మూడో విడతలో వేగం చూడండి. విలంబంలో (నిదానపు నడకలో) కొంతసేపు నడిచాక ఒక్కసారిగా రెండింతలవుతుంది. అప్పుడూ "వైకుంఠ" అనే మాట ముక్కలు కాదు. శ్రీరంగం భూమ్మీది వైకుంఠమని నీలో నువ్వే ఉప్పొంగిపోతూ ఉంటే మా దిగులు తీరేదెప్పుడు అనే నిష్ఠూరం ఆ పంక్తిలో ఉంది. రాగం పైకి వెళ్లేకొద్దీ ఆ నిష్ఠూరం బతిమాలుకోవడంగా మారుతుంది. తెలుగు అర్థమయ్యే శ్రోతకు మాత్రమే దక్కే భాగ్యం ఇది. మనం దాన్ని వదులుకోకూడదు.

రెండోది, శ్యామశాస్త్రి "సరోజదళనేత్రి", శంకరాభరణం. నెరవు "సామగాన వినోదిని" దగ్గర. ఇది మధుర మీనాక్షి మీది కృతి, ఎం.ఎస్. పుట్టిన ఊరు మధురై. కాంభోజి నెరవులో వేడుకోలు ఉంటే ఇందులో తల్లి దగ్గర బిడ్డకుండే చనువు ఉంటుంది.

తెలుగు ఆమె మాతృభాష కాదు. ఉచ్చారణ అంత బాగా ఎలా ఉంది?

తమిళ లిపిలో క, ఖ, గ, ఘలకు ఒకటే అక్షరం. త, దలకు ఒకటి, ప, బలకు ఒకటి, అంతే. ఆ లిపిలో రాసుకుని పాడితే "భూలోక"లో ఒత్తు పోతుంది, "గుణధామ" మారిపోతుంది. ఎం.ఎస్. పాటలో ఒత్తులు నిలుస్తాయి, దీర్ఘం దీర్ఘంగానే ఉంటుంది. అంతకంటే ముఖ్యం పదచ్ఛేదం, అంటే మాటను ఎక్కడ విరవాలన్నది. రాగం పొడిగించాల్సి వస్తే అచ్చు మీద పొడిగిస్తారు తప్ప మాట మధ్యలో ఊపిరి తీసుకోరు. "రారాదా" అన్నప్పుడు చివరి "ఆ" మీదనే సంగతులు నడవడం వినండి. ఇది వరంగా వచ్చింది కాదు, అర్థం తెలుసుకుని, అక్షరం అక్షరం దిద్దుకుని నేర్చుకున్నది.

ఆమెతో పాటు ఇంకో గొంతు వినిపిస్తుంది. ఎవరిది?

ఎక్కువ కచేరీల్లో రాధా విశ్వనాథన్‌ది, సదాశివం కుమార్తె. చిన్నప్పటి నుంచి ఎం.ఎస్. దగ్గరే నేర్చుకున్నారు కాబట్టి కృతి పాడేటప్పుడు రెండు గొంతుల్ని విడదీయడం కష్టం. స్వరకల్పనలో మాత్రం వంతులు వేసుకుంటారు, అక్కడ విడిగా వినపడతాయి. ఆ రెండు గొంతులూ ఒకే సంగతిని ఒకే గమకంతో (స్వరాన్ని ఊపే తీరుతో) ముగించే చోట్లు వెతుక్కుని వినండి, ఎన్నేళ్ల సాధనో తెలుస్తుంది.

తాళం ఎలా వేయాలి? తనియావర్తనంలో పూర్తిగా తప్పిపోతున్నాం.

ఆదితాళం ఒక్కటి వస్తే సగం కచేరీ చేతికి వచ్చినట్టే. ఒక దెబ్బ, చిటికెన వేలు, ఉంగరపు వేలు, మధ్య వేలు. మళ్లీ దెబ్బ, చెయ్యి తిప్పడం, దెబ్బ, చెయ్యి తిప్పడం. మొత్తం ఎనిమిది. పెద్ద కృతులు రెండు కళల్లో ఉంటాయి, అంటే ప్రతి క్రియకూ రెండేసి లెక్కలు, ఆవృతానికి (తాళం ఒక పూర్తి చుట్టుకు) పదహారు. రెండు కళల కృతికి ఒక కళ తాళం వేస్తే మొదటి ఆవృతంలోనే బోర్లా పడతారు. ఎక్కువమంది తప్పు ఇదే.

ఇంకో సంగతి. చాలా కృతులు మొదటి దెబ్బ మీద కాక కాస్త తర్వాత ఎత్తుకుంటాయి. మాట మొదలైన చోట దెబ్బ పడలేదని తాళం సర్దుకోవద్దు. తని మొదలవక ముందే తాళం చేతిలో కుదరాలి. మృదంగం, ఘటం వంతులు తగ్గుతూ తగ్గుతూ కలిసిపోతాయి. తర్వాత మొహరా (ముగింపుకు దారితీసే జతుల వరుస), చివర కోర్వై (ముగింపు జతుల అల్లిక) మూడుసార్లు. మూడోసారి ముగిసిన చోటే కృతి పంక్తి ఎత్తుకుంటుంది. తాళం తప్పకుండా అక్కడికి చేరినవాళ్లకు ఆ సంతోషం వేరే చెప్పక్కర్లేదు.

ఇంట్లో తాతగారి కాలం నాటి క్యాసెట్ దొరికింది, మీద "ఎం.ఎస్. కచేరి" అని ఉంది. ఏం చేయాలి?

వెంటనే ప్లే చేయకండి. మంచి క్యాసెట్లు పోయేది ఎక్కువగా ఆ మొదటి ఉత్సాహంలోనే.

ముందు వెలుతురులో చూడండి. టేపు చుట్టల మీద తెల్లటి పొడి ఉంటే అది బూజు. అలాంటి క్యాసెట్ ప్లేయర్‌లో పెడితే బూజు హెడ్‌కు (ప్లేయర్‌లో టేపును చదివే భాగం) అంటుకుని, తర్వాత పెట్టే ప్రతి క్యాసెట్‌కూ పాకుతుంది. దాన్ని గాలి చొరని సంచిలో వేరుగా పెట్టి, శుభ్రం చేయడం తెలిసినవాళ్లకు ఇవ్వండి.

బూజు లేకపోతే టేపు కింద ఉండే చిన్న ఫెల్టు ముక్క చూడండి. జిగురు ఎండి అది ఊడిపోవడం మామూలే. అది లేకపోతే టేపు హెడ్‌కు సరిగ్గా ఆనదు, శబ్దం వస్తూ పోతూ ఉంటుంది. స్క్రూలున్న ఖాళీ పెట్టె ఒకటి తీసుకుని టేపు చుట్టల్ని అందులోకి మార్చాలి.

ప్లేయర్ హెడ్‌ను 99 శాతం ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌లో ముంచిన దూదిపుల్లతో తుడవండి. రబ్బరు చక్రం మీద దాన్ని పదేపదే రాయకండి, రబ్బరు ఎండి పగుళ్లిస్తుంది. ఏళ్ల తరబడి కదలని టేపు చుట్టలు ఒకదానికొకటి అంటుకుని ఉంటాయి కాబట్టి, ముందు ఆ చివరి నుంచి ఈ చివరికి ఒకసారి పూర్తిగా తిప్పండి.

సి-60 ఒక్కో వైపు 30 నిమిషాలు, సి-90 ఒక్కో వైపు 45. మూడు గంటల కచేరీకి సి-90లు రెండు కావాలి. ఒక్కటే దొరికితే రెండోదానికోసం ఇల్లంతా వెతకండి. సి-120 అయితే టేపు బాగా పల్చన, సాగుతుంది, చిక్కుపడుతుంది. దాన్ని ముందుకూ వెనక్కూ తిప్పుతూ ఆడకండి. ఒక్కసారి ప్లే చేసి, ఆ ఒక్కసారే రికార్డు చేసుకోండి.

కంప్యూటర్‌లోకి ఎక్కించేటప్పుడు శబ్దం మట్టాన్ని ఆలాపన చూసి పెట్టకండి. ఆలాపన నెమ్మదిగా ఉంటుంది, దానికి సరిపోయేలా పెంచితే తనిలో మృదంగం దెబ్బకు శబ్దం చిట్లిపోతుంది. ముందు తని దగ్గర పెట్టి చూసి, అత్యధిక మట్టం మైనస్ 6 డెసిబెల్స్ దగ్గర ఆగేలా సర్దండి. ఇంట్లో చేసిన రికార్డింగులకు ఎక్కువగా డాల్బీ (టేపు బుస శబ్దాన్ని తగ్గించే ఏర్పాటు) ఉండదు. ప్లేయర్‌లో డాల్బీ వేస్తే తంబూరా మెరుపు చచ్చిపోతుంది, ఆపి ఉంచండి.

శబ్దం గుడ్డలో చుట్టినట్టుంటే హెడ్ వాలు కుదరలేదని అర్థం. హెడ్ పక్కనుండే చిన్న స్క్రూను పావు చుట్టు లోపలే అటూ ఇటూ తిప్పుతూ తంబూరా గలగల, ఘటం మోత ఎక్కడ స్పష్టంగా ఉన్నాయో అక్కడ ఆపండి. ఇది చేయకముందే ఎడమ, కుడి చానెళ్లను కలిపి మోనో చేస్తే పై ధ్వనులు ఒకదాన్నొకటి కొట్టేసుకుంటాయి.

శ్రుతి ఎక్కువగా, పాట వేగంగా ఉన్నట్టుంది. ఎలా సరిచేయాలి?

రికార్డు చేసిన యంత్రం నెమ్మదిగా తిరిగితే, సరైన వేగంతో ప్లే చేసినా పాట పరుగెడుతుంది. దాదాపు 6 శాతం తేడా వస్తే శ్రుతి ఒక అర మెట్టు మారుతుంది: నాలుగున్నర శ్రుతి కచేరీ అయిదు శ్రుతిలో వినపడుతుంది. గొంతు సన్నబడి, గమకాలు గజిబిజిగా, చిన్నపిల్ల పాడినట్టు ఉంటుంది. ఎం.ఎస్. గొంతు పల్చన అనే అపోహ కొంతమందికి ఇలాంటి కాపీల వల్లే వచ్చింది.

రెండు పరీక్షలున్నాయి, రెండూ వేర్వేరు తప్పుల్ని పట్టిస్తాయి. సి-90 ఒక వైపు పూర్తిగా ఆడటానికి 45 నిమిషాలకంటే బాగా తక్కువ పడితే మీ ప్లేయరే వేగంగా తిరుగుతోంది. ముందు దాన్ని బాగు చేయించండి. రికార్డు చేసిన యంత్రం తప్పు దీనితో తెలియదు. దానికి కరెంటు హోరు, అంటే కరెంటు వల్ల రికార్డులో పడే సన్నని మోత, చూడాలి. మన దేశంలో కరెంటు 50 హెర్ట్జ్, అమెరికాలో 60. ఆడాసిటీ వంటి సాఫ్ట్‌వేర్‌లో పాట లేని నాలుగైదు సెకన్లు ఎంచుకుని స్పెక్ట్రమ్ గీయిస్తే ఆ హోరు గీత కనిపిస్తుంది. మద్రాసు కచేరీలో అది 52 దగ్గర ఉంటే టేపు 4 శాతం వేగంగా ఉంది. 50ని 52తో భాగించగా వచ్చే 0.9615ను వేగం గుణకంగా ఇవ్వండి. 45 నిమిషాల వైపు 46 నిమిషాల 48 సెకన్లవుతుంది. వేగం, శ్రుతి రెండూ కలిసి మారే ఎఫెక్ట్‌నే వాడాలి. శ్రుతి ఒక్కదాన్నే మారిస్తే పాట పరుగు అలాగే ఉండిపోతుంది.

ఒక హెచ్చరిక. ఆ రోజుల్లో మన కరెంటు నిలకడగా 50 ఉండేది కాదు, తరచూ తగ్గేది. అందుకే 1, 2 శాతం తేడాను పట్టుకుని వేళ్లాడొద్దు. కాపీకి కాపీ అయితే రెండు హోరు గీతలు కనిపించవచ్చు, అందులో ఒకటి కాపీ తీసిన ఇంటిది. అలాంటప్పుడు అదే కాలపు నమ్మకమైన రికార్డు ఒకటి తీసుకుని తంబూరా శ్రుతితో పోల్చి, చివరి మాట చెవికి వదలండి.

బుస్సుమనే శబ్దం తీసేయడానికి నాయిస్ రిడక్షన్ వాడొచ్చా?

వద్దు. దీని వల్ల పాడైన కచేరీలు బూజు వల్ల పోయినవాటికంటే తక్కువేం కాదు.

ఆ సాఫ్ట్‌వేర్‌కు మీరు "ఇదీ రొద" అని చూపించే ముక్క సాధారణంగా పాటకు పాటకు మధ్య ఖాళీ. కర్ణాటక కచేరీలో ఆ ఖాళీ ఖాళీ కాదు, అక్కడ తంబూరా ఉంటుంది. కాబట్టి అది తంబూరాను రొద అనుకుని కచేరీ పొడవునా చెరిపేస్తుంది. ఫలితంగా గొంతు గాలిలో వేళ్లాడుతుంది, నీళ్లలో నుంచి వచ్చినట్టు గలగల వినపడుతుంది. ఎం.ఎస్. ప్రతి స్వరాన్నీ తూచుకున్నది ఆ తంబూరాతోనే. దాన్ని తీసేస్తే ఆ శ్రుతిశుద్ధి గొప్పతనం కొలవడానికి మనకేమీ మిగలదు. చెవి పది నిమిషాల్లో బుస్సుమనే శబ్దానికి అలవాటు పడుతుంది. పోయిన తంబూరా మాత్రం తిరిగి రాదు.

హోరు మరీ ఎక్కువగా ఉంటే 50 హెర్ట్జ్ దగ్గర సన్నగా కోయండి. అదీ వేగం సరిచేశాకే, ముందు కోస్తే మీ కొలబద్దను మీరే పారేసుకున్నట్టు. ఏం చేసినా కాపీ మీద చేయండి. మొదటి ఫైలును ముట్టుకోవద్దు.

మీద తేదీ లేదు. ఏ కాలం కచేరీయో ఎలా చెప్పాలి?

గొంతు విని ఊహించడం ఆఖరి మార్గం. ముందు ఆధారాలు చూడాలి. మొదలులోనో చివర్లోనో ప్రకటన ఉంటే సభ పేరు, పక్కవాద్యాల పేర్లు దొరుకుతాయి. క్యాసెట్ కంపెనీ, పెట్టె మీద రాసిన చేతిరాత, లోపలి కాగితం కూడా ఫొటో తీసి ఉంచండి.

పాటలూ చెబుతాయి. "మైత్రీం భజత" ఉంటే 1966కు ముందుది కాదు. కడయనల్లూరు వెంకటరామన్ బాణీలో "భావయామి గోపాలబాలం" ఉంటే పంచరత్నమాల రోజులదో ఆ తర్వాతదో అయ్యే అవకాశం ఎక్కువ. "సంగీత కళానిధి" అని సంబోధిస్తే 1968 తర్వాతిది. మద్రాసు మ్యూజిక్ అకాడెమీ నుంచి ఆ బిరుదు అందుకున్న మొదటి మహిళ ఆమె. అటువైపు హద్దు 1997. ఆ ఏడాది నవంబరులో సదాశివం పోయాక ఆమె వేదికెక్కి పాడలేదు.

పేరును నమ్మి తేదీ రాయకండి. స్టూడియో రికార్డుకు ముందూ వెనకా చప్పట్లు అతికించి ఫలానా సభలో కచేరీ అని చలామణీ అయ్యేవి ఉన్నాయి. నిజమైన సభలో చప్పట్లు పాట చివరి స్వరం మీద పడతాయి, దగ్గులు, తంబూరా సర్దుకోవడం, మృదంగం శ్రుతి చేసుకోవడం వినపడతాయి. అతికించినదాంట్లో చప్పట్లు రాగానే తంబూరా ఠక్కున మాయమవుతుంది.

ఏ ఫార్మాట్‌లో దాచాలి? ఎంత చోటు పడుతుంది?

48 కిలోహెర్ట్జ్, 24 బిట్, వేవ్ ఫైలు. స్టీరియోలో నిమిషానికి 17 మెగాబైట్లకు కాస్త పైన, మూడు గంటల కచేరీకి 3.1 గిగాబైట్లు. ఫ్లాక్‌లోకి మారిస్తే సుమారు సగమవుతుంది, ఏమీ పోదు. ఎంపీ3 ఫోన్‌లో వినడానికి మాత్రమే, దాచుకోవడానికి కాదు. రెండు వేర్వేరు డిస్కుల్లో, వీలైతే రెండు వేర్వేరు ఇళ్లలో ఉంచండి.

పాటల్ని ముక్కలు చేసి దాచొద్దు. ఒక్కో వైపు ఒక్కో ఫైలుగా యథాతథంగా ఉంచి, పక్కన ఒక పట్టిక రాయండి: నిమిషం, పాట, రాగం, తాళం, వాగ్గేయకారుడు, నెరవు పంక్తి, టేపు వైపు మారిన చోటు. ఆలాపన మధ్యలో టేపు అయిపోయి ఉంటే ఆ సంగతీ రాయండి. రెండు కొసల్నీ అతికించి గాయం కనపడకుండా చేస్తే, ఇదే కచేరీ ఇంకో ఇంట్లో పూర్తిగా దొరికినప్పుడు ఏ భాగం కావాలో తెలియకుండా పోతుంది.

దీన్ని యూట్యూబ్‌లో పెట్టవచ్చా?

విడుదలైన రికార్డయితే, హక్కు గడువు తీరేదాకా పెట్టకూడదు. మన చట్టం ప్రకారం శబ్దగ్రహణం మీద హక్కు, ప్రచురించిన ఏడాది ముగిశాక 60 ఏళ్లు. ఉదాహరణకు 1980లో విడుదలైనదానికి 2040 చివరి దాకా. ప్రదర్శకుల హక్కు 50 ఏళ్లు. త్యాగరాజస్వామి కృతికి ఎవరి అనుమతీ అక్కర్లేదు కానీ, దాన్ని పాడిన ఈ రికార్డు వేరే సంగతి. ఆకాశవాణి నుంచి ఎక్కించుకున్నది ఆకాశవాణిదే.

ఇంట్లో దొరికిన ప్రైవేటు రికార్డింగును ఆన్‌లైన్‌లో పెట్టే బదులు, సంగీత గ్రంథాలయమో విశ్వవిద్యాలయ సంగీత శాఖో నడిపే శబ్ద భాండాగారానికి కాపీ ఇవ్వండి. ఇచ్చేటప్పుడు శుభ్రం చేసిన ఫైలు కాదు, మొదటి ఫైలే ఇవ్వండి. దాంతోపాటు పట్టిక, పెట్టె ఫొటోలు, వేగం ఎంత మార్చాలనుకుంటున్నారో ఆ అంకె రాసి పెట్టండి. అసలు క్యాసెట్‌ను పారేయకుండా, నిలువుగా, ఎండ, తేమ, స్పీకర్ల అయస్కాంతం తగలని చోట, టేపును ఒక చివరికి పూర్తిగా చుట్టి ఉంచండి.